మొదటి వానకు వచ్చే మేస్త్రి

మా మేస్త్రి పోయాడన్న కబురు నాకు పుంగనూరులో ఒక మిద్దె మీద తెలిసింది. పిట్టగోడకు సోలార్ బాక్సు బిగించడానికి డ్రిల్లుతో బెజ్జాలు వేస్తున్నాను. ఫోన్ చేసింది ఆయన కోడలు. పొద్దున గుండెలో నొప్పి అన్నాడట, మదనపల్లె ఆస్పత్రికి తీసుకెళ్తుండగా దారిలోనే పోయాడట. నేనేం మాట్లాడానో గుర్తులేదు. ఫోన్ జేబులో పెట్టుకొని, సగం వేసిన బెజ్జాన్ని పూర్తిగా వేసి, దుమ్ము ఊది, బోల్టు బిగించి, అప్పుడు కిందికి దిగాను. తెరిచిన బెజ్జం వదిలి మిద్దె దిగితే ఆయన ఊరుకునేవాడు కాదు. ఏడుపు మెట్ల మీద వచ్చింది.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు నెమ్మదిగా, బరువుగా రాయాలని నాకూ తెలుసు. చేతకావడం లేదు. ఆయన్ను తలుచుకుంటే ముందు ఉత్సాహం వస్తుంది, ఆ తర్వాతే దుఃఖం. అందుకని చదివేవాళ్లు నన్ను మన్నించాలి. ఇందులో ఆయనకంటే బాక్సులు, గొట్టాలు, వాననీళ్లు ఎక్కువ కనిపిస్తాయి. ఆయన ఉన్నదంతా వాటిలోనే.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. ఆయన పోయేనాటికి మా ఇద్దరి మధ్య ఒక పని మిగిలిపోయింది. కుప్పం దగ్గర ఒక పల్లెలో పట్టుపురుగుల షెడ్డు మీద, చెయ్యి సాయం లేకుండా నేను ఒక్కదాన్నే చేసిన మొదటి పని అది. మొదటి వానకు వచ్చి చూస్తానన్నాడు. వాన పడకముందే ఆయన పోయాడు.

మేస్త్రిది బైరెడ్డిపల్లె దగ్గర ఒక పల్లె. చిన్నప్పుడు వాళ్ల నాయన వెంట మట్టిమిద్దెల మీద చౌడు పరిచేవాడు. మట్టిమిద్దె కారకుండా ఉండాలంటే ఏటా వానలకు ముందు చౌడుమట్టి తెచ్చి, పలచగా పరిచి, సరైన వాలు పెట్టాలి. తర్వాత మట్టిమిద్దెలు తగ్గి స్లాబులు వచ్చాయి, ఆయన తాపీ పట్టాడు. స్లాబుల మీదికి సోలార్ ప్యానెళ్లు వచ్చాయి, యాభై దాటిన వయసులో స్పానర్ పట్టాడు. ఇన్ని పనులు ఎలా మార్చావు మేస్త్రీ అని ఒకసారి అడిగాను. "నేనేం మార్సలేదమ్మా. నీళ్లు లోపలికి రాకుండా సూసుకునేదే నా పని. మిద్దెలు మారినాయి, అంతే" అన్నాడు.

మా అమ్మానాన్నలు కూలికి పోయి నన్ను చదివించారు. అంగళ్లు అనే ఊరి దగ్గర కాలేజీలో ఎలక్ట్రికల్ ముగించి, మదనపల్లెలో సోలార్ బిగించే ఒక చిన్న ఆఫీసులో చేరాను. మొదటిరోజే నన్ను ఆయనకు అప్పగించారు. చదువంతా నెత్తిన పెట్టుకొని, ల్యాప్‌టాప్ చంకన పెట్టుకొని మిద్దె ఎక్కాను. బాక్సు యాడ పెడదామని అడిగాడు. ప్యానెళ్ల నుంచి వచ్చే తీగలన్నీ కలిసే డబ్బా అది. ఫ్యూజులూ స్విచ్చీ అందులోనే ఉంటాయి. లోపలికి నీళ్లు దిగితే పనికిరాకుండా పోవడం అటుంచి, నిప్పే పుట్టవచ్చు. నేను డ్రాయింగు చూసి, తీగ తక్కువ పట్టే చోటు చూపించాను.

ఆయన ఇంటివాళ్లనడిగి ఒక బిందె నీళ్లు తెప్పించుకున్నాడు. మిద్దె ఎగువ మూలన నిదానంగా ఒంపి, గొంతుక్కూర్చొని చూడసాగాడు. నాకు విసుగు పుట్టింది. అంత చదునైన స్లాబు మీద నీళ్లు ఎటు పోతే ఏమిటన్నాను.

"స్లాబు సదునుగా ఉండాదని నీకెవురు సెప్పినారు?" అన్నాడు.

నీళ్లు కాసేపు ఎటూ తోచనట్టు నిలబడ్డాయి. తర్వాత సన్నగా ఒక పాయ కదిలింది. అది పక్కకు తిరిగి, ఇంకో పాయను కలుపుకొని, నేరుగా వచ్చి నేను వేలు పెట్టి చూపించిన చోట మడుగు కట్టింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన నవ్వలేదు. సుద్దముక్కతో ఆ మడుగు చుట్టూ గీత గీసి, ఇంకో బిందె తెమ్మన్నాడు. రెండో బిందె నేనే మోసుకొచ్చాను. మూడో బిందెకు సిగ్గు మరిచిపోయి, నీళ్లు ఎటు తిరుగుతాయో ముందే చెప్పడానికి ఆయనతో పోటీ పడ్డాను. ఒక్కటీ సరిగ్గా చెప్పలేకపోయాను కానీ, మూడు గంటలు ఎట్లా గడిచాయో తెలియలేదు. ఆ రోజు నుంచి నాకు చదునైన మిద్దె కనపడలేదు.

ఆయన పద్ధతులు కొన్ని చెబుతాను. బాక్సును ఎప్పుడూ స్లాబు మీద పడుకోబెట్టేవాడు కాదు. పిట్టగోడ లోపలి ముఖానికి బిగించేవాడు. గోడ అందకపోతే సిమెంటుతో జానెడెత్తు పీట కట్టి, దాని మీద నిలబెట్టేవాడు. తీగ పైనుంచి వచ్చినా సరే, బాక్సు కిందికి దిగి, చిన్న ఉయ్యాలలా వంగి, మళ్లీ పైకెక్కి అడుగు నుంచే లోపలికి పోవాలి. తీగ వెంట జారే చుక్క ఆ వంపు దగ్గర రాలిపోతుంది. నీళ్లకు దిగడం తప్ప ఎక్కడం రాదని ఎన్నిసార్లు చెప్పాడో. సందు కనపడగానే మేం ట్యూబులోంచి పిండే సిలికాన్‌ను ఆయన పేస్టు అనేవాడు. నేను ఎక్కువగా పిండితే, పండ్లు తోముకునేదానికి కొంచెం మిగిలించమ్మా అనేవాడు. ఎండలో రెండేళ్లకు అది పగులుతుందనీ, వాలు మాత్రం పగలదనీ ఆయన లెక్క.

కరెంటు దగ్గర మాత్రం మొండివాడు కాదు. నేను చెప్పిందల్లా వినేవాడు. ఎండ ఉన్నంతసేపూ ప్యానెల్‌లో కరెంటు పుడుతూనే ఉంటుందని, స్విచ్చి తీసినా ప్యానెల్ వైపు తీగలో అది బతికే ఉంటుందని చెప్పినప్పుడు నోరు తెరుచుకొని విన్నాడు. మరునాడు ఇంకోసారి చెప్పించుకున్నాడు. మధ్యాహ్నం ప్యానెళ్ల కింద కూర్చొని సంగటి తినేవాళ్లం. మన నీడలో మనమే తింటాండామని మురిసిపోయేవాడు. ఆ మాట అన్నప్పుడల్లా నాకూ అంతే సంబరంగా ఉండేది.

అన్నిటికంటే పెద్ద ఆచారం మొదటి వాన. బాక్సు బిగించిన ప్రతి ఇంటికీ, ఆ ఇంటి మీద పడే మొదటి వానకు ఆయన వెళ్లేవాడు. ఎవరూ పిలవక్కర్లేదు. పుంగనూరులో మబ్బు పట్టిందని తెలిస్తే చాలు, మోపెడ్ మీద ప్లాస్టిక్ కవరు కప్పుకొని బయలుదేరేవాడు. ఉరుములుంటే కింద నిలబడేవాడు, ఉరుములు ఆగాక ఎక్కేవాడు. వానలో బాక్సు తెరిచేవాడు కాదు, నన్నూ ముట్టనిచ్చేవాడు కాదు. నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయి, పీటను ఎట్లా చుట్టుకుంటున్నాయి, ఎక్కడ ఆగుతున్నాయి, అది చూసేవాడు. వాన వెలిసి అంతా ఆరాక, కరెంటు తీయించి, చేతులు తుడుచుకొని మూత తీసేవాడు.

ఆ మూత తీసే క్షణం ఉంది చూడండి, రాస్తుంటే ఇప్పటికీ గుండె వేగంగా కొట్టుకుంటోంది. బయట మిద్దె మీద ఇంకా అక్కడక్కడ తడి. లోపల, మేం బిగించిన నాటి సున్నం దుమ్ము కూడా పొడిపొడిగా అట్లాగే ఉండేది. ఆయన నా వైపు చూసి కనుబొమలు ఎగరేసేవాడు. నేను చప్పట్లు కొట్టేదాన్ని. ఇంటివాళ్లు మాకు పిచ్చేమో అన్నట్టు చూసేవాళ్లు. వెంకటగిరికోటలో ఒకాయన అయితే, లోపల ఏం దొరికిందమ్మా అని అడిగేశాడు.

ఇంత నేర్చుకున్నదాన్ని తప్పు చేయకుండా ఉన్నానా? చేశాను. అదీ బాగా చదువుకున్న తప్పు.

బాక్సు బిగించడం అయిపోయాక ఆయన దాని అడుగున సన్నని చిల్లు ఒకటి వేసేవాడు. వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉన్న డబ్బాకు చిల్లు వేయడం చూసి నాకు ఒళ్లు మండేది. అడిగితే, దానికీ ఊపిరి ఆడాల గదా అనేవాడు. పుంగనూరులో ఒక రిటైరైన టీచరమ్మ ఇంట్లో, ఆయన కిందికి దిగిన సందు చూసి ఆ చిల్లును సిలికాన్‌తో మూసేశాను. డబ్బాను కాపాడానని నాలో నేను గర్వపడ్డాను కూడా. అవి చలికాలానికి ముందు రోజులు.

పుష్యమాసంలో టీచరమ్మ ఆఫీసుకు ఫోన్ చేసింది. చుక్క వాన లేదు, బాక్సు లోపల నీళ్లు. మేస్త్రీ నేనూ వెళ్లాం. మూత తీస్తే, మూత లోపలివైపంతా చెమట. పగలు ఎండకు లోపలి గాలి వేడెక్కి, తెల్లవారుజాము మంచుకు చల్లబడి, నీరై, దిగిపోవడానికి దారి లేక అడుగున నిలిచింది. ఫ్యూజుల కాళ్లకు అప్పుడే పచ్చగా చిలుము పడుతోంది. ఇంకొన్ని వారాలు ఎవరూ చూడకపోతే ఏమయ్యేదో నాకు తెలుసు. ఆయన అడుగున వేలితో తడిమి, మూసిన చిల్లును చూశాడు. నా వైపు చూశాడు.

టీచరమ్మ ఆయన్ను కడిగేస్తోంది. పెద్ద మేస్త్రి అని నమ్మితే ఇదా నిర్వాకం అంటోంది. ఆయన తప్పు తన మీద వేసుకుంటాడనుకున్నాను. నిజం చెప్పాలంటే, వేసుకుంటే బాగుండునని కోరుకున్నాను. ఆయన అట్లాంటి మనిషి కాదు. పిట్టగోడ మీద కూర్చొని, "అమ్మా, ఏమైందో మేడమ్‌కు నువ్వే సెప్పు" అన్నాడు.

చెప్పాను. చిల్లు ఎందుకు మూశానో, మూస్తే ఏమైందో, ఆయనకు చెప్పకుండా చేశానని కూడా చెప్పాను. టీచరమ్మ కిందికి వెళ్లి, కాసేపటికి మూడు గ్లాసుల కాఫీ పంపింది. చిలుము గీకి, ఫ్యూజులు మార్చి, చిల్లు తెరిచి దిగేటప్పుడు ఆయన డ్రిల్లు పెట్టె నా చేతికిచ్చాడు. అన్నాళ్లూ ఆ పెట్టె ఆయన చెయ్యి దాటలేదు. ఇంక నువ్వే పట్టుకో అన్నాడు. తప్పు చేసినందుకు ఇస్తున్నావా మేస్త్రీ అన్నాను. సెప్పినందుకు అన్నాడు. ఆ రోజు బస్సులో మదనపల్లె దాకా ఆ పెట్టెను ఒళ్లో పెట్టుకొని, మొహమంతా నవ్వుతో కూర్చున్నాను.

ఇప్పుడు కుప్పం పని దగ్గరికి వస్తాను. అక్కడొక అక్క పట్టుపురుగులు పెంచుతుంది. షెడ్డుకు స్లాబు వేసినప్పుడు ఏదో గొట్టం కోసమని పిడికెడంత బెజ్జం వదిలారు. గొట్టం రాలేదు, బెజ్జం మిగిలింది. అక్క దాన్ని గుడ్డ కుక్కి, తారు పూసి మూసుకుంది. పోయినేడు వానకు అది కారి, కింద తట్టల్లో మల్బరీ ఆకు తడిసి, పురుగులకు రోగం తగిలి ఒక పంటంతా తుడిచిపెట్టుకుపోయింది. సోలార్ కోసం మేం వెళ్లగానే అక్క ముందు ఆ బెజ్జమే చూపించింది. ప్యానెళ్లు మీ ఇష్టం, ఈ బెజ్జం మాత్రం నాకు నిద్ర పట్టనీయడం లేదంది.

సిమెంటుతో శాశ్వతంగా మూసేద్దామన్నాను. మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. "మూసిన బెజ్జాన్ని ఎవురూ సూడరమ్మా. వాడుకునే బెజ్జాన్ని సూస్తాంటారు. తీగను దీంట్లోనించే దించు" అన్నాడు. అని, పిట్టగోడ నీడకు పోయి కూర్చున్నాడు. నువ్వు చెయ్యవా అంటే, నాకు మోకాళ్లు నొప్పులన్నాడు. అప్పటికి పది నిమిషాల కిందటే నిచ్చెన గబగబా ఎక్కినవాడు.

రెండు రోజులు పట్టింది. పాత తారు గీకేశాను. స్లాబు పైపొర చెక్కి గరుకు చేసి, బెజ్జంలో గొట్టం నిలబెట్టి, చుట్టూ చేనికి వేసినట్టు సిమెంటు గట్టు వేశాను. గట్టుకు బయటివైపు వాలు పెట్టాను. గొట్టం మూతిని చేతికర్రలా కిందికి వంచాను. ఆ మూతికి కట్టమని అక్క దోమతెర ముక్క తెచ్చిచ్చింది. పట్టుపురుగుల మీద వాలే ఊజీ ఈగకు అంత సందు చాలట. నేను వెనక్కి తిరిగి చూసినప్పుడల్లా మేస్త్రి వేరే దిక్కు చూస్తుండేవాడు. అయిపోయాక లేచి వచ్చి, చుట్టూ ఒకసారి తిరిగాడు.

"మొదటి వానకు నేనే వస్తా. అంతవరకు ఇది నా పని. వానకు నిలిస్తే నీది" అన్నాడు.

గట్టు ఆరకుండా అక్క వారం రోజులు తడి గోనెసంచి కప్పి ఉంచింది. ఆ తర్వాత నేను రోజూ మబ్బుల కోసం చూడడం మొదలుపెట్టాను. కుప్పంలో వాన ఉందా అని కనపడ్డ ప్రతి డ్రైవరునూ అడిగాను. అంత ఆత్రంగా నేను పరీక్ష ఫలితాల కోసం కూడా చూడలేదు. వాన మాత్రం రాలేదు. మిగిలింది మీకు చెప్పాను.

వాళ్ల పల్లెలో పెద్దకర్మ నాడు భోజనాలకు కూర్చున్నాం. ఇస్తరాకులో అన్నం వడ్డించారు. అప్పుడు కుప్పం అక్క ఫోన్ చేసింది. వాన పట్టుకుందనీ, పురుగులు నాలుగో జ్వరం లేచి ఆబగా ఆకు మేస్తున్నాయనీ చెప్పింది. జ్వరమంటే పురుగు కుబుసం విడిచే నిద్ర. ఆఖరిసారి విడిచాక, గూడు కట్టే ముందు మేసే మేత అది. అప్పుడు తడి తగిలితే ఇక ఏం చేసినా లాభం లేదు. కర్మ రోజున, విస్తరి ముందు నుంచి ఎట్లా లేచేది?

మేస్త్రి భార్యకు సంగతి అర్థమైనట్టుంది. ఎక్కడ వాన అని అడిగింది. కుప్పం పక్కన అన్నాను. "పోమ్మా. ఆయప్ప ఉండింటే ఈపాటికి కోట దాటింటాడు" అంది.

బండి ఎట్లా నడిపానో తెలియదు. వెంకటగిరికోట దాటాక చినుకులు మొదలయ్యాయి, తర్వాత కుండపోత. ఆశ్చర్యం ఏమిటంటే, నాకు భయం వేయాల్సింది పోయి ఒళ్లంతా హుషారు. హెల్మెట్ లోపల ఏడుస్తున్నాను, అదే సమయంలో ఇంకా గట్టిగా కురవమని వానకు చెబుతున్నాను. సగం వాన పడి ఆగిపోతే ఆయన పరీక్ష కింద లెక్క కట్టేవాడు కాదు.

అంత తొందరలోనూ అక్క నన్ను గుమ్మం దగ్గర ఆపి, పురుగులకు రోగం అంటకుండా కాళ్లూ చేతులూ మందునీళ్లతో కడిగించాకే లోపలికి రానిచ్చింది. లోపల తట్టల నిండా పురుగులు ఆకు కొరుకుతున్నాయి. ఆ చప్పుడు అచ్చంగా వాన చప్పుడే. చుక్క కారుతుందో లేదో చెవితో తెలుసుకోవడానికి లేదు. గొట్టం దిగే చోట, కింది తట్టకు అడ్డంగా అక్క చాట పట్టుకొని నిలబడింది. గంట నుంచీ అట్లాగే నిలబడిందట.

స్టూలు ఎక్కాను. ఫోన్ వెలుగులో స్లాబు అడుగు చూశాను. చూపు మీద నమ్మకం కుదరక, గొట్టం చుట్టూ అరచేత్తో తడిమాను. చేతికి సున్నం అంటింది. పొడి సున్నం. ఇంకోసారి తడిమాను, అవతలివైపు తడిమాను. అంతా పొడి. తెల్లబడిన అరచెయ్యి చూపించాను. అక్క నమ్మలేదు. నన్ను దింపి తానే స్టూలెక్కి, చుట్టూ రెండుసార్లు తడిమి చూసింది. దిగి, చాటను గోడకు ఆనించి, కొంగుతో మొహం తుడుచుకొని, పురుగులకు ఇంకో మోపు ఆకు వేయడానికి పోయింది.

ఉరుములు లేవు. నిచ్చెన ఎక్కి మిద్దె మీదికి వెళ్లాను. నీళ్లు ఎగువ నుంచి పలచటి దుప్పటిలా జారివస్తున్నాయి. నా గట్టు దగ్గరికి వచ్చి రెండుగా చీలి, దాన్ని ముట్టీ ముట్టనట్టు చుట్టుకొని, దిగువన కలిసి, తూములోంచి దూకుతున్నాయి. తీగ వంపు నుంచి చుక్కలు ఒకటొకటిగా రాలుతున్నాయి. అరగంట కదలకుండా చూశాను. వానకు నిలిచింది. నీది అని చెప్పే మనిషి మాత్రం లేడు. అప్పుడు వచ్చింది నాకు అసలైన ఏడుపు.

కళ్లు తుడుచుకొని తల ఎత్తితే, చుట్టూ మిద్దెల మీద మనుషులున్నారు. ఆ పల్లెలో మేస్త్రి పోయినేడు బాక్సులు పెట్టిన ఇళ్లు నాలుగు. నాలుగిళ్ల వాళ్లూ వానలో పైకెక్కారు. ఒక మిద్దె మీద మొగుడూపెళ్లాం ఒకే గోనెసంచి కప్పుకొని ఉన్నారు. ఒక చోట ముసలమ్మ నెత్తిన ప్లాస్టిక్ బుట్ట బోర్లించుకుంది. ఒకావిడ పసిబిడ్డను చంకనేసుకొని గొడుగు పట్టుకుంది. వాళ్లకిది మొదటి వాన కాదు. పోయినేడే ఆయన వచ్చి చూసి వెళ్లాడు. ఎందుకెక్కారని నిచ్చెన కింది నుంచి చూస్తున్న అక్కను అడిగాను. ఎక్కమని ఎవరూ చెప్పలేదంది. "ఈతూరి ఆయప్ప రాడు గదా" అంది.

పక్క మిద్దె మీది పెద్దాయన నన్ను చూశాడు. గొడుగు వేసుకొని బాక్సు ముందు గొంతుక్కూర్చొని ఉన్నాడు. నీళ్లు పీట దగ్గర ఇంతసేపు ఆగుతున్నాయే, ఇట్లా ఆగొచ్చా, ఒకసారి వచ్చి చూస్తావా అమ్మా అని కేక వేశాడు. వస్తాండానన్నాను. నిచ్చెన దిగి, వాళ్ల మెట్లెక్కి పైకి వెళ్లేసరికి ఆయన అట్లాగే కూర్చొని ఉన్నాడు. నన్ను చూసి, లేవకుండానే కొంచెం పక్కకు జరిగి, గొడుగులో సగం నాకు వదిలాడు.